అందరూ ‘వ్యక్తిగత కారణాలు’ అనే రాస్తుంటే ఎగ్జిట్ ఇంటర్వ్యూ వల్ల ఉపయోగం ఏమిటి?

మీరు అడిగింది ఇది: ప్రభుత్వ శాఖలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ (సిబ్బంది వ్యవహారాలు) చూస్తున్నారు. కొత్తగా చేరినవాళ్లు రెండు మూడేళ్లకే రాజీనామా చేస్తున్నారు. పైనుంచి ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారం, అంటే ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్లను కారణాలు అడిగే ఫారం, పెట్టమన్నారు, పెట్టారు. వచ్చిన ఫారాలన్నిటిలోనూ "వ్యక్తిగత కారణాలు" అనే ఉంది. జీతం పెంచే అధికారం మీ శాఖకు లేదు. ఈ ఫారాలతో ఏం చేయాలి, మనుషుల్ని ఎలా ఆపాలి?

నేను చాలాకాలం ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాలే చూశాను. వెళ్లిపోయేవాళ్లతో మాట్లాడటం ఆ పనిలో భాగం. సూటిగా చెప్పాలంటే, ఎగ్జిట్ ఇంటర్వ్యూ పనికొస్తుంది. కానీ మీరు చేస్తున్నది ఇంటర్వ్యూ కాదు, నో డ్యూస్ (బకాయిలేమీ లేవనే) కాగితాల్లో ఇంకో కాగితం. పైగా "ఎందుకు మానేస్తున్నారు" అన్న ప్రశ్నకు నిజమైన జవాబు దాదాపు ఎప్పుడూ రాదు. "మానేయాలని మొదట ఎప్పుడు అనిపించింది" అని అడిగితే వస్తుంది. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ముందు ఫారం సంగతి. అందులో నిజం రాయడం వల్ల వెళ్లేవాడికి వచ్చే లాభం ఏమీ లేదు. రాయకపోవడానికి మాత్రం బోలెడు కారణాలున్నాయి. రాజీనామా ఆమోదం కావాలి. రిలీవింగ్ ఆర్డర్ కావాలి. నో డ్యూస్ మీద నాలుగైదు సెక్షన్ల సంతకాలు పడాలి. పీఎఫ్, పెన్షన్ లెక్కలు, మిగిలిన సెలవుల డబ్బు తేలేదాకా అతని ఫైలు మీ బల్లల మీదే తిరుగుతుంటుంది. కొత్త ఉద్యోగం కూడా ప్రభుత్వంలోనే అయితే సర్వీసు వివరాలు మళ్లీ మీ దగ్గర్నుంచే వెళ్లాలి. ఎప్పుడో ఒకప్పుడు ఇదే శాఖకు పై పోస్టులో తిరిగి రావచ్చు కూడా. ఇన్ని ముడులు పడి ఉండగా "మా సెక్షన్ ఆఫీసర్‌తో పడలేక పోతున్నాను" అని సంతకం పెట్టి రాసిచ్చేవాడు ఎవడు? ప్రైవేటు కంపెనీలో చివరి జీతం చేతికొస్తే చాలావరకు సంబంధం తెగినట్టే. ప్రభుత్వంలో అంత తొందరగా తెగదు. అందుకే "వ్యక్తిగత కారణాలు" అనేది వాళ్ల వైపు నుంచి చూస్తే చాలా తెలివైన జవాబు. కారణం వివరంగా రాయాలని మీరు సర్క్యులర్ ఇస్తే "కుటుంబ కారణాలు" అని రాస్తారు. అంతే తేడా.

ఇంటర్వ్యూకి ముందు ఇంకో పని ఉంది. ఎవరు వెళ్తున్నారో లెక్క సరిచేసుకోండి. పదవీ విరమణ, స్వచ్ఛంద విరమణ, రాజీనామా, ఇంకో శాఖకు ఎంపికై పోవడం, డిప్యుటేషన్, మరణం, తొలగింపు అన్నీ "ఏర్పడిన ఖాళీలు" అనే ఒకే గడిలో పడిపోతాయి చాలా చోట్ల. ఆ అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల సర్వే ఒకటుంది. 2002లో ఫెడరల్ హ్యూమన్ క్యాపిటల్ సర్వేగా మొదలై, 2010 నుంచి ఫెడరల్ ఎంప్లాయీ వ్యూపాయింట్ సర్వే అయింది. ఏడాదిలోగా సంస్థను వదిలే ఆలోచన ఉందా అని అందులో అడుగుతూ వచ్చారు. ఉంటే రిటైర్ అవడానికా, ఫెడరల్ ప్రభుత్వంలోనే ఇంకో ఉద్యోగానికా, బయటి ఉద్యోగానికా అని విడదీసేవారు. ఈ విడదీయడంలో చాలా విషయం ఉంది. మీ శాఖ నుంచి ఇంకో శాఖకు పోయినవాడు మీకు నష్టం, ప్రభుత్వానికి కాదు. అతను ప్రభుత్వోద్యోగాన్ని వద్దనుకోలేదు, మీ ఆఫీసును వద్దనుకున్నాడు. జీతం స్కేలు రెండు చోట్లా దాదాపు ఒకటే అయినా వెళ్తున్నాడంటే మీరు ఇంకాస్త గట్టిగా ఆలోచించాలి.

సగటు కూడా మోసం చేస్తుంది. ఉదాహరణకు 400 మంది పనిచేసే శాఖలో ఏడాదికి 24 మంది రాజీనామా చేశారనుకోండి. 6 శాతం, ఫర్వాలేదు అనిపిస్తుంది. ఆ 24 మందిలో 15 మంది మూడేళ్ల లోపు సర్వీసు ఉన్న 60 మందిలో నుంచే పోయి ఉంటే? వాళ్లలో నలుగురికి ఒకరు వెళ్లిపోయినట్టు. మిగతా 340 మందిలో పోయినవాళ్లు 3 శాతం లోపే. అంటే మీ సమస్య శాఖ మొత్తానిది కాదు, మొదటి మూడేళ్లది. ఇదే లెక్క ఆఫీసు వారీగా, కేడర్ వారీగా వేసి చూడండి. సర్వీస్ రిజిస్టర్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. సాధారణంగా రెండు మూడు ఆఫీసుల పేర్లు పదే పదే కనిపిస్తాయి. ఆ పేర్లు చూసి సెక్షన్లో ఎవరూ ఆశ్చర్యపోరు కూడా.

ఇక ఇంటర్వ్యూ. అది ఎవరు చేస్తారన్నదే సగం సమస్య. వెళ్లే వ్యక్తి పై అధికారి చేయకూడదు. ఇది అందరికీ తెలుసు. అతని బకాయిలు తేల్చే సెక్షన్ వాళ్లూ చేయకూడదు. ఇది చాలామందికి తట్టదు. నా సెటిల్‌మెంట్ ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి ముందు కూర్చుని నేను మనసు విప్పను, మీరూ విప్పరు. ఇంకో విభాగంలో పనిచేసే, వయసులో మరీ పెద్దా మరీ చిన్నా కాని, వినే ఓపిక ఉన్న ఒకరిద్దరిని ఈ పనికి పెట్టండి. ట్రైనింగ్ విభాగంలో పనిచేసినవాళ్లు తరచుగా బాగా చేస్తారు. విజిలెన్స్ వాళ్లను మాత్రం వద్దు. వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

ఎప్పుడు చేయాలి అన్నదాని మీద వాదనలున్నాయి. నా అభిప్రాయం రెండుసార్లు. రిలీవ్ అవడానికి ముందు ఒకసారి, చిన్నగా, ఎదురెదురుగా. బకాయిలన్నీ తేలి, కొత్త చోట కుదురుకున్నాక, అంటే మూడు నుంచి ఆరు నెలల తర్వాత, ఫోన్‌లో ఇంకోసారి. ఒకటే చేయగలిగితే రెండోదే చేయండి. మొదటిసారి "అంతా బాగానే ఉంది సార్" అన్న మనిషే రెండోసారి ఫోన్ పెట్టేయనివ్వడు. అప్పటికి కోపం కూడా కొంత చల్లారి ఉంటుంది కాబట్టి చెప్పేదాంట్లో నిందలు తగ్గి వివరాలు పెరుగుతాయి.

ఏం అడగాలి? 1994లో థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే పరిశోధకులు, మనుషులు ఉద్యోగం ఎలా వదులుతారో వివరిస్తూ ఒక నమూనా ప్రతిపాదించారు. అసంతృప్తి కొద్దికొద్దిగా పెరిగి వెళ్లేవాళ్లు ఉంటారు. కానీ చాలాసార్లు ఏదో ఒక సంఘటన మనిషిని ఉలిక్కిపడేలా చేసి, "నేను ఇక్కడే ఎందుకు ఉన్నాను?" అని ఆలోచింపజేస్తుంది. అది ఆఫీసులో జరగాల్సిన పని లేదు, చెడ్డదీ అయి ఉండక్కర్లేదు. జూనియర్‌కి మంచి పోస్టింగ్ దొరకడం కావచ్చు, పెళ్లి కావచ్చు, స్నేహితుడు పరీక్ష పాసవడం కావచ్చు, అడిగిన సెలవు ఇవ్వకపోవడం కావచ్చు. అక్కడి నుంచి రాజీనామా దాకా కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రాజీనామా లేఖలో ఉండేది ఆ ప్రయాణంలో చివరి మెట్టు. మీకు కావాల్సింది మొదటి మెట్టు.

అందుకే నేను ఇలా మొదలుపెట్టేవాణ్ని: "మానేయాలన్న ఆలోచన మొదటిసారి ఎప్పుడొచ్చిందో గుర్తుందా?" మామూలుగా గుర్తుంటుంది. నెల, సీజన్, ఆడిట్ జరుగుతున్న రోజులు అని ఏదో ఒక గుర్తు చెప్తారు. "అప్పుడు ఆఫీసులో ఏం జరుగుతోంది?" అంటే కథ వస్తుంది. తర్వాత "ఆ సంగతి ఎవరికైనా చెప్పారా? చెప్తే ఏమైంది?" అన్నది. ప్రభుత్వ కార్యాలయాల్లో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదేనని నా నమ్మకం. నచ్చని చోట మనిషికి రెండు దారులుంటాయి, వెళ్లిపోవడం లేదా నోరు విప్పడం అని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లోనే విశ్లేషించాడు. నోరు విప్పినా ఫలితం ఉండదని తెలిసిన చోట వెళ్లడమే మిగులుతుంది. పెన్షన్ దగ్గరపడి వెళ్లడం కూడా కుదరనివాడు ఏం చేస్తాడో మీకు నేను చెప్పక్కర్లేదు. కుర్చీలోనే ఉంటాడు, పనిలో ఉండడు.

ఆ తర్వాత "అప్పుడు ఏం జరిగి ఉంటే ఆగేవారు?" అని అడగండి. చివర్లో "మీ పోస్టులోకి వచ్చేవారికి మొదటి నెలలోనే ఏం చెప్పాలంటారు?" అని అడగండి. తన గురించి చెప్పడానికి మొహమాటపడే మనిషి, వచ్చేవారి మంచి కోసం అంటే చెప్పేస్తాడు. ఇంతకు మించి ప్రశ్నలు వద్దు. ఒకటి నుంచి ఐదు మార్కుల పట్టికలు అసలే వద్దు. ఉన్న పదిహేను మందికి సగటు మార్కు 3.4 వచ్చిందని రిపోర్టు రాసుకుని ఏం చేస్తాం?

ఎదురుగా కూర్చుని రాసుకోవాల్సి వస్తే ముందే అడిగి రాసుకోండి. ఇక్కడే గోప్యత గురించి చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వంలో ఇది ప్రైవేటులో ఉన్నంత తేలిక కాదు. ఫైల్లో పెట్టిన కాగితం ప్రభుత్వ రికార్డు. ఆడిట్ అడగొచ్చు, కోర్టు అడగొచ్చు, సమాచార హక్కు చట్టాలున్న చోట పౌరులూ అడగొచ్చు. "మీరు చెప్పింది ఎవరికీ తెలియదు" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. మీ న్యాయ విభాగంతో ముందే మాట్లాడి, నిలబెట్టుకోగలిగినదే చెప్పండి: నోట్స్‌లో పేరు ఉండదు, సర్వీస్ రిజిస్టర్‌లోకి వెళ్లదు, పైకి వెళ్లే రిపోర్టు పదిమంది మాటలు కలిపి రాసిందే. ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాలి. లంచం, వేధింపు, భద్రతకు ముప్పు లాంటివి మీ చెవిన పడితే ఊరుకునే అధికారం మీకు లేదు, సంబంధిత అధికారికి తెలియజేయాల్సిందే. ఈ మాట విని కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి. నమ్మించి చెప్పించుకుని తర్వాత వాళ్ల పేరు బయటపెట్టడం కన్నా అది నయం.

చిన్న ఆఫీసుల్లో పేరు తీసేసినా లాభం ఉండదు. ఆ ఏడాది అక్కడి నుంచి వెళ్లింది ఒక్కరే అయితే ఎవరన్నారో అందరికీ తెలిసిపోతుంది. బ్రిటన్‌లో 2009 నుంచి ఏటా జరిగే సివిల్ సర్వీస్ పీపుల్ సర్వేలో, 10 మంది కన్నా తక్కువ జవాబులు వచ్చిన బృందం ఫలితాలు విడిగా ఇవ్వరు. మీకూ అలాంటి గీత ఒకటి ఉండాలి. అది దాటేదాకా ఏడాదైనా రెండేళ్లయినా ఆగి, నాలుగు ఆఫీసులవి కలిపి రాయండి.

జవాబులు వచ్చాక చాలామంది చేసే పని కారణాలను లెక్కపెట్టడం. జీతం ఇంతమంది, బదిలీలు ఇంతమంది, కుటుంబం ఇంతమంది అని. అలా లెక్కపెడితే ఎప్పుడూ జీతమే మొదటి స్థానంలో ఉంటుంది, మీకేమో దాని మీద అధికారం లేదు, రిపోర్టు అక్కడితో ఆగిపోతుంది. ఒక్కో మనిషికి రెండు గడులు పెట్టండి. మొదటి దాంట్లో ఆలోచన ఎలా మొదలైంది, రెండో దాంట్లో చివరికి ఎటు, ఎందుకు వెళ్లారు. జీతం సాధారణంగా రెండో గడిలో ఉంటుంది. కొత్త ఉద్యోగం ఎంత ఎక్కువ ఇస్తోందో చెప్పడం అందరికీ గౌరవంగా ఉండే జవాబు కూడా. మొదటి గడిలో వేరే విషయాలు కనిపిస్తాయి: నోటిఫికేషన్‌లో చూసిన పనికీ చేస్తున్న పనికీ పొంతన లేకపోవడం, ఏడాదిగా డేటా ఎంట్రీ తప్ప ఇంకేమీ ఇవ్వకపోవడం, అందరి ముందు తిట్టడం, ప్రొబేషన్ (చేరిన కొత్తలో ఉండే పరీక్షా కాలం) పూర్తయినా ఆ సంగతి అధికారికంగా డిక్లేర్ చేయకపోవడం. జీతానికి ప్రాముఖ్యం లేదని నేననను. బయట మార్కెట్ రెండింతలు ఇచ్చే సాంకేతిక పోస్టుల్లో జీతం రెండు గడుల్లోనూ ఉంటుంది. అక్కడ వేరే దారి వెతకాలి. అమెరికా ఫెడరల్ చట్టం రిటెన్షన్ ఇన్సెంటివ్ అని, ఉద్యోగిని నిలుపుకోవడానికి ఇచ్చే అదనపు చెల్లింపు ఒకటి అనుమతిస్తుంది. వెళ్లిపోయే అవకాశం ఉన్న కీలక ఉద్యోగికి మామూలు పరిమితి మూల వేతనంలో 25 శాతం, ఒక వర్గం ఉద్యోగులకు కలిపి ఇస్తే 10 శాతం. మీ దగ్గర అలాంటి నిబంధన లేకపోతే ఎగ్జిట్ ఇంటర్వ్యూతో అది పుట్టదు. కానీ ఆ పోస్టుల లెక్కను విడిగా తీసి ఆర్థిక శాఖకు పంపడానికి మాత్రం అది పనికొస్తుంది.

బాండ్ గురించి, అంటే ఇన్నేళ్లు పనిచేస్తానని, లేకపోతే డబ్బు కడతానని రాయించుకునే ఒప్పందం గురించి కూడా మీలాంటివాళ్లు తరచుగా అడుగుతుంటారు. మూడేళ్ల బాండ్ పెడితే మూడేళ్లు ఉంటారు, నిజమే. మూడేళ్ల ఒక నెలకు వెళ్తారు. ఖరీదైన శిక్షణ ఇచ్చినప్పుడు ఆ ఖర్చు రాబట్టుకోవడానికి బాండ్ సమంజసం. మనుషుల్ని నిలబెట్టుకునే పద్ధతిగా మాత్రం అది పనిచేయగా నేను చూడలేదు.

జీతం చేతిలో లేకపోతే ఏం ఉంది? మీరనుకునేదాని కన్నా ఎక్కువే ఉంది. మనిషిని అసంతృప్తికి గురిచేసేవి వేరు, పనిలో ఉత్సాహం నింపేవి వేరు అని ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం 1959లో చెప్పింది. జీతం, నిబంధనలు, పర్యవేక్షణ మొదటి వర్గం. పనిలోని విలువ, గుర్తింపు, ఎదుగుదల రెండోది. ఆ విభజన మీద తర్వాత చాలా విమర్శ వచ్చింది, నాకూ అది మరీ చక్కగా అమర్చినట్టే అనిపిస్తుంది. అయినా ప్రభుత్వానికి ఇందులో ఒక మంచి వార్త ఉంది: రెండో వర్గంలో చాలావరకు స్కేళ్లతో సంబంధం లేనిది. జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ 1990లో ప్రజాసేవా ప్రేరణ అనే భావనను వివరించారు. ప్రభుత్వ పనిలోకి కొందరు జనానికి ఉపయోగపడాలన్న కోరికతోనే వస్తారని అందులోని సారం. ఆ కొందరిని ఏడాది పాటు రిమైండర్లకు జవాబులు రాయించే సీట్లో కూర్చోబెడితే ముందు వెళ్లేది వాళ్లే. ఆ పని ఎవరో ఒకరు చేయాలి, నిజమే. అదొక్కటే చేయించకుండా ఉండటం, వాళ్లు కదిపిన ఫైలు వల్ల ఎవరికి ఏం జరిగిందో చూపించడం సెక్షన్ ఆఫీసర్ చేతిలో ఉన్న పని. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఇంకా కొన్ని: ప్రమోషన్ ప్యానెల్ సమావేశాలు ఏటా చెప్పిన నెలలో జరపడం. ప్రొబేషన్ డిక్లరేషన్ గడువు దాటకుండా చూడటం. దాటితే మీ సెక్షన్‌కి అది ఒక పెండింగ్ ఫైలు, ఆ కుర్రాడికి రాత్రిళ్లు టెన్షన్. బదిలీలకు రాతపూర్వకమైన నియమం, దాన్ని పాటించడం. నోటిఫికేషన్‌లోనే పని నిజంగా ఎలా ఉంటుందో, కష్టాలతో సహా చెప్పడం. కష్టాలు ముందే తెలిసి చేరినవాళ్లు కాస్త ఎక్కువగా నిలబడతారని చాలా అధ్యయనాల్లో తేలింది, తేడా పెద్దది కాకపోయినా. పై అధికారులైనవాళ్లకు మనుషులతో ఎలా మెలగాలో నేర్పడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే సీనియారిటీతో ఆ కుర్చీలోకి వచ్చినవాడిని నీకు ఇది చేతకాదు అనడానికి ఏ ఫైలూ ఒప్పుకోదు. ఒకే ఆఫీసు నుంచి వరసగా మనుషులు పోతుంటే అక్కడి అధికారి పనితీరు నివేదికలో ఆ అంకె కనిపించేలా చేయగలిగితే, అది పది శిక్షణా తరగతుల కన్నా గట్టిగా పనిచేస్తుంది. అది చేయించడానికి పైన ఒక్కరైనా మీ మాట వినేవారు ఉండాలి.

వెళ్లేవాళ్ల మీదే దృష్టి అంతా పెట్టకండి. ప్రభుత్వంలో రాజీనామా కన్నా చాలా ముందే కాగితాలు మాట్లాడతాయి. బదిలీ అర్జీలు, డిప్యుటేషన్ అర్జీలు, వేరే పరీక్షలకు నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ కోసం వచ్చే దరఖాస్తులు, దీర్ఘ సెలవులు అన్నీ మీ సెక్షన్‌ మీదుగానే పోతాయి. ఒక ఆఫీసు నుంచి వచ్చే నో అబ్జెక్షన్ దరఖాస్తులు పెరిగాయంటే ఏడాది తర్వాత ఖాళీలు ఎక్కడ వస్తాయో తెలిసినట్టే. దాన్ని ఆపడానికి సర్టిఫికెట్ నిరాకరించే అధికారులున్నారు. అలా ఆగిన మనిషి ఎలా పనిచేస్తాడో ఆలోచించకుండా చేసే పని అది. దానికి బదులు ఉన్నవాళ్లతోనే, చేరిన ఆరో నెలలో, ఏడాదిన్నరకి, కాసేపు కూర్చుని మాట్లాడండి. ఇక్కడ ఏది బాగుంది, ఏది విసిగిస్తోంది, ఏ పని నేర్చుకోవాలనుంది అని. అందులో రెండు చిన్న విషయాలు సరిచేసినా, అడిగితే ఏదో జరుగుతుందన్న నమ్మకం వస్తుంది. అడిగి ఏమీ చేయకపోతే మాత్రం అడగకముందు కన్నా పరిస్థితి పాడవుతుంది. కాబట్టి మీరు సరిచేయగలిగినంత మేరకే అడగండి.

అందరినీ ఆపాలన్న పట్టుదల కూడా వద్దు. పై చదువుకో, పై పోస్టుకో వెళ్లేవాడిని మంచి మాటతో పంపితే తిరిగి రావచ్చు, ఇంకొకరిని పంపవచ్చు. అలాంటివాళ్ల రాజీనామాలు సమస్య జాబితాలోకి రాకూడదు.

పైకి పంపే రిపోర్టు ఆరు నెలలకు ఒకటి, ఒక పేజీ. ఎక్కడి నుంచి, ఎన్నేళ్ల సర్వీసువాళ్లు వెళ్తున్నారో రెండు వాక్యాలు. ఆలోచన మొదలైన కారణాల్లో పదే పదే వస్తున్నవి రెండో మూడో. ఒక్కోదానికి ఏం చేయొచ్చు, ఎవరి సంతకంతో అవుతుంది, ఎప్పటికి అవుతుంది. సంతకం చేయగల అధికారి పేరు లేని సూచన రాయకండి, అది "పరిశీలనలో ఉంది" అనే నోటుతో వెనక్కి వస్తుంది. తర్వాతి రిపోర్టు పాత సూచనలు ఏమయ్యాయో చెప్పడంతో మొదలవ్వాలి.

ఇప్పటికే మీ దగ్గరున్న ఫారాల మీద సమయం వృథా చేయకండి, వాటిలో ఏమీ లేదు. కానీ వాటిలో ఫోన్ నంబర్లు ఉంటాయి. గత ఏడాది వెళ్లినవాళ్లలో బకాయిలన్నీ తేలిపోయినవారిని విడిగా తీసి, మీ సెక్షన్‌కి సంబంధం లేని ఒకరి చేత ఫోన్ చేయించండి. ఎవరి బకాయిలైనా ఇంకా తేలకపోతే, ఫోన్ చేసే ముందు అవి తేల్చండి.